తండ్రి ఇంట్లోనే ఉన్నాం, విందులో ఉన్నామా?



మన నల్గొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. పీమే సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు తొలి పీఠాధిపతులు. ఆ లెక్కన 2026తో యాభై ఏళ్లు నిండుతాయి. సువర్ణోత్సవం అనగానే మనం కట్టిన గుడులు, నడిపిన బడులు, ఆసుపత్రులు, గురువులుగా, కన్యస్త్రీలుగా వెళ్లిన మన బిడ్డల సంఖ్య లెక్కవేసుకుంటాం. లెక్కవేసుకోవాలి కూడా. అవన్నీ సర్వేశ్వరుని మేలులే. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విచారణల విశ్వాసులమైన మనం ఈ సమయంలో అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మన విశ్వాసం మనకు ఆనందాన్ని ఇస్తోందా? నిరుటికంటే ఈ ఏడు మనం ఆత్మలో కొంచెమైనా ఎదిగామా?

ఈ ప్రశ్న ఊరికే అడుగుతున్నది కాదు. విచారణ గురువులు తరచూ వినే మాట ఒకటుంది. "ప్రతి ఆదివారం పూజకు వస్తున్నాం ఫాదర్, జపమాల చెబుతున్నాం, పండుగకు గుణదల వెళ్లి వస్తున్నాం. కానీ లోపల మాత్రం ఏమీ లేనట్టుగా ఉంటుంది." యువతీ యువకులైతే ఇంకొంచెం సూటిగా చెబుతారు. పొద్దున మన గుడిలో పూజకు, సాయంత్రం ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్తున్నారు. ఎందుకు నాయనా అంటే, "అక్కడ పాడితే ఏడుపొస్తుంది, మనసు తేలికవుతుంది. ఇక్కడ అలవాటుగా నిలబడి అలవాటుగా కూర్చుంటాం" అంటారు. ఈ మాటకు కోపగించుకోవడం తేలిక. కానీ అందులో ఆకలి ఉంది. ఆకలి వేసిన బిడ్డను తిట్టే తల్లి ఉండదు, అన్నం పెడుతుంది. మన శ్రీసభ అనే తల్లి దగ్గర ఆ అన్నం ఉందా? ఉంటే మనం ఎందుకు ఆకలితో ఉన్నాం?

పెద్ద కొడుకు బాధ

పునీత లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని ఉపమానం మనందరికీ కంఠస్థమే. కానీ మనం ఎప్పుడూ చిన్న కొడుకు గురించే ప్రసంగాలు వింటాం. పెద్ద కొడుకును ఒకసారి చూడండి. అతడు ఇల్లు వదిలి పోలేదు. ఆస్తి పాడు చేయలేదు. రోజంతా పొలంలో పని చేశాడు. తండ్రి మాట ఎన్నడూ జవదాటలేదు. సాయంత్రం ఇంటికి వస్తుంటే పాటలు, నాట్యాలు వినిపించాయి. సంతోషించవలసింది పోయి పనివాడిని పిలిచి ఏమిటా గోల అని అడిగాడు. సంగతి తెలియగానే లోపలికి రానన్నాడు.

అతని బాధ అతని మాటల్లోనే బయటపడుతుంది. తాను ఇన్నేళ్లుగా బానిసలాగా పని చేశానని, స్నేహితులతో విందు చేసుకోవడానికి ఒక్క మేకపిల్లైనా ఇవ్వలేదని తండ్రిని నిలదీస్తాడు. ఇన్నేళ్లూ తండ్రి ఇంట్లోనే ఉన్నాడు గానీ, కొడుకులాగా కాక జీతగాడిలాగా ఉన్నాడు. ఇంటిపని చేశాడు, ఇంటి ఆనందం మాత్రం ఎరుగడు. తండ్రికి ఉన్నదంతా తనదేనన్న సంగతి అతని మనసుకు ఎక్కనే లేదు.

మనలో చాలామంది కతోలికుల స్థితి ఇదే. పుట్టగానే జ్ఞానస్నానం, తెలివి రాగానే తొలి సత్ప్రసాదం, తర్వాత భద్రమైన అభ్యంగనం, గుడిలోనే పెళ్లి. ఇల్లు ఎప్పుడూ వదల్లేదు. అయినా విశ్వాసం మనకు ఒక హాజరు పట్టీలాగా మారింది. పూజ తప్పితే పాపం కనుక వస్తాం, పూజ అయిపోగానే బండి తీస్తాం. తండ్రి ఇంట్లో ఉన్నాం. విందులో ఉన్నామా?

ఆనందాన్ని ఎలా గుర్తుపట్టాలి?

మొదట ఆనందం అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. కళ్లలో నీళ్లు రావడం, ఒళ్లు పులకరించడం మంచివే, అవి దేవుడిచ్చే బహుమానాలు కావచ్చు. కానీ అవి వస్తాయి, పోతాయి. వాటినే ఆనందం అనుకుంటే అవి పోయినప్పుడల్లా దేవుడు పోయాడనుకుంటాం.

యేసుసభ స్థాపకులు లొయోలా పునీత ఇన్యాసివారు ఈ తేడాను మంచం మీద పడుకొని నేర్చుకున్నారు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి కదలలేక పడుకున్నప్పుడు, చదవడానికి క్రీస్తు జీవితం, పునీతుల జీవితాలు మాత్రమే దొరికాయి. ఆ రోజుల్లో ఆయనకు రెండు రకాల తలంపులు వచ్చేవి. ఒకటి, మళ్లీ సైనికుడై వీరకృత్యాలు చేసి పేరు తెచ్చుకోవాలని. రెండోది, పునీతుల వలె క్రీస్తు కోసం బతకాలని. రెండూ ఆలోచిస్తున్నంతసేపు ఇంపుగానే ఉండేవి. కానీ మొదటి తలంపు పోయాక మనసు ఎండిపోయినట్టుండేది. రెండోది పోయాక కూడా లోపల శాంతి మిగిలేది. ఆ గమనింపు నుంచే ఆయన ఆధ్యాత్మిక సాధన అంతా పుట్టింది.

మనమూ ఈ కొలబద్ద పట్టుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఆలోచించండి. గంటసేపు సెల్‌ఫోన్ చూశాక మనసులో ఏం మిగిలింది? జబ్బుపడిన పక్కింటి పెద్దమ్మ దగ్గర పావుగంట కూర్చున్నాక ఏం మిగిలింది? పక్కవాడి ప్లాటుకంటే మన ప్లాటు రేటు పెరిగిందని తెలిసినప్పటి సంతోషం ఎన్ని గంటలు నిలిచింది? రెండేళ్లుగా మాట్లాడని తమ్ముడికి ఫోన్ చేసినప్పటి తేలికదనం ఎన్ని రోజులు నిలిచింది? అనుభవించిన తర్వాత కూడా మిగిలేదే ఆనందం. మిగలనిది సుఖం. సుఖం తప్పు కాదు, కానీ దానితో ఆత్మ కడుపు నిండదు.

పునీత పౌలు ఫిలిప్పీ వారికి లేఖ రాసేటప్పుడు చెరసాలలో ఉన్నారు. నాలుగే అధ్యాయాల ఆ చిన్న లేఖలో ఆనందం, సంతోషం అన్న మాటలు పదిసార్లకు పైగా కనిపిస్తాయి. సంకెళ్లలో ఉన్న మనిషి బయట ఉన్నవారికి ఆనందించండని బోధిస్తున్నాడంటే, ఆయన చెబుతున్నది పరిస్థితులను బట్టి వచ్చిపోయే ఉత్సాహం గురించి కాదని మనకు అర్థం కావాలి.

కలకత్తా పునీత తెరేసా గారి సంగతి ఇంకా లోతైనది. 1997లో ఆమె మరణించారు. పదేళ్ల తర్వాత, 2007లో, ఆమె తన ఆత్మ గురువులకు రాసిన లేఖలు పుస్తకంగా వచ్చాయి. అవి చదివిన లోకం ఆశ్చర్యపోయింది. దశాబ్దాల పాటు ప్రార్థనలో ఆమెకు దేవుడు దగ్గరగా ఉన్న అనుభూతే లేదు, చీకటే ఉంది. అయినా ఆమె తెల్లవారుజామునే లేచి పూజలో పాల్గొని, సత్ప్రసాదం ముందు మోకరించి, రోడ్డుమీద చనిపోతున్నవారి దగ్గరకు వెళ్లారు. నవ్వుతూనే వెళ్లారు. తన సహోదరీలనూ సంతోషంగా సేవ చేయమన్నారు. 2016 సెప్టెంబరు 4న శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అనుభూతి లేని రోజు కూడా విశ్వాసం బతికే ఉంటుందనడానికి మన దేశంలోనే ఇంత గొప్ప సాక్ష్యం ఉంది. కనుక పూజలో ఏమీ అనిపించలేదని దిగులుపడే విశ్వాసీ, నీవు ఒంటరివి కావు.

సంతోష రహస్యాల్లోనూ ఖడ్గం ఉంది

మన పెద్దలు ఇచ్చిన జపమాలే ఈ సత్యాన్ని మనకు నేర్పుతుంది. సోమవారం, శనివారం సంతోషకర దేవరహస్యాలు ధ్యానిస్తాం. వాటిలో నాలుగవది, బాలయేసును దేవాలయంలో కానుకగా సమర్పించడం. ఆ సంతోష ఘట్టంలోనే వృద్ధుడైన సిమెయోను మరియమాతతో ఆమె హృదయాన్ని ఒక ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. ఐదవది, మూడు రోజులు కనిపించకుండా పోయిన బాలుడు దేవాలయంలో దొరకడం. ఆ మూడు రోజులు ఆ తల్లిదండ్రులు ఎంత వేదన పడి ఉంటారో బిడ్డలున్న ప్రతి తల్లికీ తెలుసు. ఖడ్గం, వెతుకులాట రెండూ ఉన్న ఈ ఘట్టాలను శ్రీసభ దుఃఖ రహస్యాల్లో చేర్చలేదు, సంతోష రహస్యాల్లోనే ఉంచింది. కష్టం లేని చోట ఆనందాన్ని వెతకవద్దని, కష్టంలో తోడున్నవాని దగ్గర వెతకమని దాని అర్థం.

సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ మన పల్లెలకు ఈ బోధ అవసరం. కాలువకు నీళ్లు వస్తాయో రావో తెలియక నారుమళ్ల దగ్గర నిలబడిన రైతు, పిల్లల్ని హైదరాబాదుకో అమెరికాకో పంపించి ఖాళీ ఇంట్లో ఫోన్ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు, భర్త తాగుడుతో నలిగిపోతున్న ఇల్లాలు, వీరికి "దేవుణ్ణి నమ్మితే కష్టాలు పోతాయి" అని చెప్పే సువార్త నిలబడదు. దేవుడే సిలువ మీద కష్టపడ్డాడు. నిలబడేది ఒక్కటే, కష్టంలో మనం ఒంటరిగా లేమన్న వాగ్దానం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వారాల తరబడి నిద్ర రాకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం, ఇవి జబ్బు లక్షణాలు కావచ్చు. వాటిని విశ్వాసం తక్కువై వచ్చినవని అనడం, దయ్యం పట్టిందనడం తప్పు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లినట్టే వీటికీ వెళ్లాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416. ప్రార్థనా మానవద్దు, మందూ మానవద్దు. రెండూ సర్వేశ్వరుని చేతులే.

నలభై రోజుల దుఃఖం, ఒక్కరోజు పండుగ

మన ఆనందం ఎండిపోవడానికి ఒక కారణం మన పండుగల సంవత్సరాన్ని సగమే పాటించడం. తపస్సు కాలం నలభై రోజులు. శుక్రవారం సిలువ మార్గానికి మన గుడులు నిండుతాయి. మాంసం మానేస్తాం, ఉపవాసముంటాం. మంచిదే. కానీ పాస్క కాలం యాభై రోజులని మనలో ఎంతమందికి గుర్తుంది? ఉత్థాన పండుగ నుంచి పెంతెకోస్తు వరకు శ్రీసభ యాభై రోజులు పండుగ చేస్తుంది. మనం ఈస్టరు రోజు బిరియానీతో పండుగ ముగించేస్తాం. తర్వాతి ఆదివారానికి గుడి సగం ఖాళీ. దుఃఖించడానికి నలభై రోజులు కేటాయించి, ఆనందించడానికి ఒక్క రోజే కేటాయిస్తే మనసు ఏ రంగు పులుముకుంటుంది?

పరమపదించిన జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు 2013 నవంబరు 24న 'సువార్తానందం' అనే తమ ప్రబోధ లేఖను వెలువరించారు. తపస్సు కాలంలోనే ఆగిపోయి పాస్క వరకు నడవని క్రైస్తవుల గురించి ఆయన అందులో ఆవేదన చెందారు. మన పూజా సంప్రదాయం అలా ఆగిపొమ్మని చెప్పదు. ఆగమన కాలం మూడవ ఆదివారం, తపస్సు కాలం నాలుగవ ఆదివారం గురువు గులాబీ రంగు వస్త్రం ధరించే ఆచారముంది. ఎదురుచూపు మధ్యలో, తపస్సు మధ్యలో శ్రీసభ ఆగి "ఆనందించండి" అంటుంది. ఈసారి ఆ రంగు చూసినప్పుడు పిల్లలకు ఎందుకో చెప్పండి.

పాస్క యాభై రోజులూ ప్రతి ఇంట్లో ఒక చిన్న పని చేయవచ్చు. రాత్రి భోజనం దగ్గర ఇంటిల్లిపాదీ ఆరోజు దేవుడు చేసిన ఒక్క మేలు చెప్పుకోవాలి. కాలువకు నీళ్లొచ్చాయి, బిడ్డ పరీక్ష రాసింది, అత్తకు జ్వరం తగ్గింది, ఏదైనా సరే. కృతజ్ఞత చెప్పే నోటికి ఆనందం అలవాటవుతుంది.

విందుకు రెండు తలుపులు

శ్రీసభ ఇచ్చిన ఏడు దివ్య సంస్కారాల్లో రెండు మనకు మళ్లీ మళ్లీ అందుతాయి. ఒకటి పాపసంకీర్తనం, రెండు దివ్యసత్ప్రసాదం.

పాపసంకీర్తనం అంటే మనకు భయం. క్రిస్మస్‌కు, ఈస్టరుకు ముందు వరుసలో నిలబడి, చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు పాపాలే గడగడా చెప్పి బయటపడతాం. కానీ చిన్న కొడుకు తిరిగివచ్చినప్పుడు ఏం జరిగింది? అతడు దారిలో అనుకున్న మాటలు పూర్తిగా చెప్పకముందే తండ్రి కౌగిలించుకున్నాడు, కొత్త బట్టలు తెమ్మన్నాడు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు తెప్పించాడు. పాపసంకీర్తనం ఆ కౌగిలి. దానికి సిద్ధపడాలంటే పాపాల జాబితా ఒక్కటే చాలదు. "నేను ఎవరిని నొప్పించాను? ఎవరికి బాకీ ఉన్నాను? దేన్ని దాస్తున్నాను?" అని అడుగుకోవాలి. నెలకొకసారి అలా సిద్ధపడి వెళ్లినవారు తేడా తామే చెబుతారు.

ఇక దివ్యబలిపూజ. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన గురించిన తన తొలి శాసనాన్ని ప్రకటించింది. విశ్వాసులు పూజలో ఎరుకతో, చురుకుగా, పూర్తిగా పాల్గొనాలన్నది దాని హృదయం. అంతకు ముందు పూజ లత్తీను భాషలో జరిగేది. మన తాతలు ఆ భాష అర్థం కాకపోయినా, గురువు పూజ చేస్తుంటే జపమాల తిప్పుకుంటూ భక్తితో ఉండేవారు. ఇప్పుడు ప్రతి మాటా మన తెలుగులో ఉంది. అర్థం కాని భాషలో వారు నిలుపుకున్న భక్తిని, అర్థమయ్యే భాషలో మనం పోగొట్టుకోవచ్చా?

చేయగలిగింది చిన్నదే. శనివారం రాత్రి మరుసటి రోజు సువార్త పఠనాన్ని ఇంట్లో ఒకరు పైకి చదవండి. ఆదివారం పూజకు పదినిమిషాలు ముందు రండి. అప్పద్రాక్షరసాలు సమర్పించేటప్పుడు ఆ వారం మీ చెమటను, మీ అప్పును, మీ దిగులును కూడా ఆ పళ్లెంలో పెట్టండి. సత్ప్రసాదం స్వీకరించాక ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకండి. అంతే. పూజ మారదు, పూజకు వచ్చే మనం మారతాం.

జక్కయ్య ఇంట్లో జరిగిన లెక్క

ఇంతవరకు చెప్పింది గుడిలోపలి సంగతి. అక్కడితో ఆగితే ఆనందం నిలవ నీరులా పాచిపడుతుంది. లత్తీను పూజ చివర గురువు పలికే వీడ్కోలు మాటలోనే పంపించడమనే అర్థముంది. ఆ మాట నుంచే పూజకు పాశ్చాత్య భాషల్లో పేరు వచ్చింది. మనం తిని లేచి వెళ్లిపోవడానికి రాలేదు, పంపబడటానికి వచ్చాం.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య ప్రభువును సంతోషంగా తన ఇంటికి ఆహ్వానించాడని ఉంది. ఆ సంతోషం వెంటనే లెక్కల పుస్తకం దగ్గరకు వెళ్లింది. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ తర్వాతే ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్నం. కోదాడ, సూర్యాపేట విజయవాడ హైవే మీది వ్యాపార పట్నాలు. తూకం, తరుగు, వడ్డీ, కమీషను, కూలి ఇవి మన రోజువారీ మాటలు. మనలో రైతులున్నారు, హమాలీలున్నారు, వ్యాపారులున్నారు, ఉద్యోగులున్నారు. తేమ పేరుతో, తరుగు పేరుతో న్యాయానికి మించి కోసిన కిలోలు ఉంటే, ఆలస్యం చేసిన కూలి డబ్బు ఉంటే, మూడు రూపాయల వడ్డీ ఐదుగా మారి ఉంటే, అవి మన ఆనందానికి అడ్డు. ఆ అడ్డు ప్రార్థనతో మాత్రమే తొలగదు, తిరిగి ఇవ్వడంతో తొలగుతుంది. జక్కయ్య ఎగిరి గంతేసిన ఆనందం మనకు ఎందుకు రావడం లేదంటే, మనం ప్రభువును ఇంటికి పిలుస్తాం గానీ లెక్కల పుస్తకం మాత్రం బీరువాలో ఉంచి తాళం వేస్తాం.

ఒకే బల్ల, ఒకే రొట్టె

ఇంకొక అడ్డు కులం. దీన్ని రాయకుండా ఆనందం గురించి రాయడం అబద్ధమవుతుంది. 2018లో మిర్యాలగూడలో జరిగిన కుల హత్య గురించి దేశమంతా విన్నది. అది బయటివాళ్ల సంగతి అనుకోవద్దు. సాగర్ నీళ్లు వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ, ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఉన్న దళిత కుటుంబాలూ మన గుడుల్లో పక్కపక్కన మోకరిస్తాయి. ఒకే రొట్టె స్వీకరిస్తాయి. గుడి బయటికొచ్చాక ఒకరింట్లో ఒకరు అన్నం తింటున్నామా? సంబంధాలు కలుపుకునేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏది? సమాధి తోటలో అందరికీ ఒకే వరుస ఉందా? ఎవరికి వారే జవాబు చెప్పుకోవాలి.

2022 మే 15న శ్రీసభ పునీత దేవసహాయం గారిని పునీతుల వరుసలో చేర్చింది. భారతదేశంలో గురువు కాని, సన్యాసి కాని సామాన్య విశ్వాసుల్లో తొలి పునీతులు ఆయనే. తిరువాన్కూరు రాజ్యంలో ఉన్నత కులంలో పుట్టి, రాజోద్యోగం చేసి, 1745లో జ్ఞానస్నానం పొందారు. ఆ తర్వాత కులం గీతలు దాటి అందరితో కలిసి మెలిగారు. 1752లో ఆయన్ను కాల్చి చంపారు. అదే ఏడాది, 2022 ఆగస్టు 27న, హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే, దళితుల్లో తొలి కార్డినల్ కూడా ఆయనే. ఒకే ఏడాదిలో వచ్చిన ఈ రెండు సంఘటనలను మనం ఊరేగింపులతో, సన్మానాలతో జరుపుకున్నాం. అవి మన భోజనాల బల్ల దగ్గరకు ఇంకా రావలసి ఉంది.

దళిత క్రైస్తవుల మరో బాధ కూడా మనకు తెలిసినదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అందువల్ల ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు మోస్తున్నాయి. బిడ్డ చదువు, ఉద్యోగం కోసం విశ్వాసాన్ని లోలోపల దాచుకోవలసి రావడం ఎంత బరువో మోసేవారికే తెలుసు. వారిని వేలెత్తి చూపేవారు ముందు ఆ బరువులో ఒక చెయ్యి వేయాలి. ఒక పిల్లవాడి ఫీజు కట్టడం, ఒక ఆడపిల్ల పోటీ పరీక్షకు పుస్తకాలు కొనడం, ఇది కూడా సత్ప్రసాదం స్వీకరించినవారి పనే. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ప్రజలను విందు చేసుకోమని చెప్పినప్పుడు, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి వంతులు పంపమని కూడా చెప్పారు. పంపని విందులో ప్రభువిచ్చే ఆనందం ఉండదు.

మన నేల మీదే ఈ ఆనందానికి సాక్షులున్నారు. ఇటలీ నుంచి వచ్చిన పీమే గురువుల్లో ఫాదర్ లూయిజీ పెజ్జోని గారు నల్గొండలో కుష్ఠురోగుల సేవలో తమ జీవితం ధారపోశారు. ఎవరూ ముట్టని చేతులను ముట్టడంలో ఆయన క్రీస్తును కనుగొన్నారు.

వచ్చే ఆదివారం నుంచి

ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. నారు పోశాక రోజూ పీకి చూసేవాడికి పంట పండదు. నీళ్లు పెడుతూ, కలుపు తీస్తూ ఓపిక పట్టాలి. కనుక ఈ సువర్ణోత్సవ సంవత్సరానికి ప్రతి ఇల్లు నాలుగు పనులు పెట్టుకుందాం. రోజూ రాత్రి ఐదు నిమిషాలు ఇన్యాసివారు నేర్పినట్టు ఆత్మ పరిశీలన, ఈ రోజు దేవుడు ఎక్కడ కనిపించాడు, నేను ఎక్కడ ముఖం తిప్పుకున్నాను అని. వారానికి ఒకసారి సువార్తను ముందే చదివి సిద్ధపడి పూజకు రావడం. నెలకు ఒకసారి పాపసంకీర్తనం. ఏడాదిలో కనీసం ఒక్కసారి, ఇంతవరకు మన ఇంట్లో అన్నం తినని ఒక విశ్వాసి కుటుంబాన్ని భోజనానికి పిలవడం, వాళ్లు పిలిస్తే వెళ్లి తినడం.

చివరిగా మళ్లీ ఆ పెద్ద కొడుకు దగ్గరకు వెళ్దాం. చిన్న కొడుకు కోసం తండ్రి పరుగెత్తుకుంటూ వెళ్లాడని మనకు తెలుసు. పెద్ద కొడుకు కోసం కూడా తండ్రి విందు వదిలి బయటికి వచ్చాడు, వచ్చి బతిమాలాడు. ఆ మాట మనం తరచూ మరిచిపోతాం. గుమ్మంలో అలిగి నిలబడ్డ నమ్మకస్తుడైన కొడుకు కూడా ఆ తండ్రికి అంత ముద్దే. అయితే అతడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది ప్రభువు చెప్పలేదు. ఆ ఉపమానం అక్కడే ఆగిపోయింది. అది పూర్తి చేయవలసింది మనమే, సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో, మన పల్లె గుడుల గుమ్మాల దగ్గర. తండ్రి మన చెయ్యి పట్టుకొని ఉన్నాడు. లోపల పాటలు వినిపిస్తున్నాయి. తమ్ముడూ లోపలే ఉన్నాడు.

రండి, లోపలికి వెళ్దాం.